చివరి మెట్టు లేని కాలేయం: ఆల్బర్ట్ సెంట్-జ్యోర్జి జీవితం



వంకాయ తరిగితే ముక్కల్ని వెంటనే ఉప్పునీళ్లలో వేస్తాం. లేకపోతే నల్లబడతాయి. అరటికాయ, బంగాళదుంప, యాపిల్ కూడా అంతే. నిమ్మకాయ, బత్తాయి మాత్రం కోసి కాసేపు పక్కన పెట్టినా అలా నల్లబడవు. ఈ తేడా మనందరికీ తెలిసిందే. కానీ ఎందుకిలా అని ఆగి ఆలోచించేవాళ్లు తక్కువ. సుమారు వందేళ్ల కిందట ఉద్యోగం కూడా నిలకడగా లేని ఒక హంగరీ డాక్టరు ఆ ప్రశ్న పట్టుకుని ఏళ్ల తరబడి తిరిగారు. చివరికి విటమిన్ సి దొరికింది, నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పేరు ఆల్బర్ట్ సెంట్-జ్యోర్జి. మన పిల్లల సైన్సు పుస్తకాల్లో విటమిన్ సి, స్కర్వీ అనే మాటలు ఉంటాయి గాని వాటి వెనక ఉన్న మనిషి గురించి పెద్దగా ఉండదు. అందుకే ఈ నెల ఆయన జీవితం మీతో పంచుకుంటున్నాను.

మేనమామ వేసిన లెక్క

ఆల్బర్ట్ 1893 సెప్టెంబరు 16న బుడాపెస్ట్‌లో పుట్టాడు. తండ్రి భూస్వామి. తల్లివైపు వాళ్లది చదువుల కుటుంబం. తాత యోజెఫ్ లెన్‌హోషేక్ అనాటమీ ప్రొఫెసర్. మేనమామ మిహాయ్ లెన్‌హోషేక్ కూడా పేరున్న అనాటమీ ప్రొఫెసరే. ఇంట్లో భోజనాల దగ్గర కూడా సైన్సు, సంగీతం, పుస్తకాల ముచ్చట్లే నడిచేవి.

అలాంటి ఇంట్లో ఈ పిల్లవాడు చదువులో వెనకబడ్డాడు. పుస్తకం ముట్టుకునేవాడు కాదు. పరీక్షలు గట్టెక్కడానికి ఇంటికి ట్యూషన్ మాస్టారును పెట్టాల్సి వచ్చింది. మేనల్లుడికి తెలివి తక్కువని మేనమామ తేల్చేశాడు.

పదహారేళ్లు వచ్చేసరికి ఆ పిల్లవాడిలో ఏదో మారింది. ఉన్నట్టుండి పుస్తకాల మీద పడ్డాడు. హైస్కూలు చివరి సంవత్సరాల్లో మంచి మార్కులు తెచ్చుకున్నాడు. వైద్య పరిశోధన చేస్తానని ఇంట్లో చెబితే మేనమామ ఒప్పుకోలేదు. సౌందర్య సాధనాల వ్యాపారమో, మరీ అయితే పళ్ల వైద్యమో సరిపోతుందన్నాడు. మార్కులు ఇంకా మెరుగుపడ్డాక కాస్త మెత్తబడి, తన ల్యాబులో పని చేయనిచ్చాడు. అయితే పరిశోధన మూలవ్యాధికి సంబంధించిన శరీర భాగం మీదే ఉండాలని షరతు పెట్టాడు. ఆయనకు ఆ బాధ ఉండేది మరి. అలా కాబోయే నోబెల్ శాస్త్రవేత్త తొలి పరిశోధన పేగు చివరి భాగం గురించి సాగింది. 1911లో మెడికల్ కాలేజీలో చేరిన ఆల్బర్ట్ దాన్ని చిన్నతనంగా అనుకోలేదు. మైక్రోస్కోపు దగ్గర కూర్చునే అవకాశం దొరికింది, అది చాలనుకున్నాడు.

యుద్ధం, ఊరూరా తిరుగుడు

చదువు పూర్తి కాకముందే 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. సైన్యంలో వైద్య సహాయకుడిగా వెళ్లారు. ధైర్యానికి వెండి పతకం కూడా వచ్చింది. కానీ రెండేళ్లు కళ్లముందు మనుషులు ఊరికే చచ్చిపోవడం చూశాక ఆ యుద్ధం మీద నమ్మకం పోయింది. 1916లో తన చేతిని తానే తుపాకీతో కాల్చుకుని, గాయపడినవాడిగా ఇంటికి తిరిగొచ్చారు. ఆ పని మంచిదా చెడ్డదా అని ఈనాటికీ వాదించుకోవచ్చు. ఆయన మాత్రం దాన్ని దాచుకోలేదు. 1917లో వైద్య పట్టా తీసుకున్నారు. అదే ఏడాది కొర్నేలియాను పెళ్లి చేసుకున్నారు. తర్వాత ఒక పాప పుట్టింది.

యుద్ధంలో ఓడిన దేశంలో పరిశోధకుడికి బతుకుతెరువు ఎక్కడుంటుంది? పోజొన్ అనే ఊళ్లో చిన్న ఉద్యోగం దొరికింది. అంతలోనే ఆ ఊరు చెకోస్లొవేకియాకు వెళ్లిపోయి బ్రాటిస్లావా అయింది. అక్కణ్ణించి ప్రాగ్, బెర్లిన్, హాంబర్గ్, తర్వాత హాలెండులోని లైడెన్. భార్యాబిడ్డలతో మూటాముల్లె సర్దుకుంటూ ఊళ్లు మారారు. 1922లో హాలెండులోనే గ్రోనింగెన్ అనే ఊళ్లో కాస్త నిలదొక్కుకున్నారు.

పండు నల్లబడటంలో ఏముంది?

జీవకణం ఆక్సిజన్‌ను ఎలా వాడుకుంటుందన్నది ఆ రోజుల్లో పెద్ద ప్రశ్న. సెంట్-జ్యోర్జి దానికి జవాబును మొక్కల్లో వెతికారు. బంగాళదుంప కోసినప్పుడు కణాలు తెగి, లోపలి పదార్థాలు గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తాయి. ఒక ఎంజైము ఆ పని చేయిస్తుంది. అందుకే రంగు మారుతుంది. మరి నిమ్మజాతి పళ్లలో, క్యాబేజీలో ఆ మార్పు ఎందుకు రాదు?

ఆ రసాల్ని రంగు మారే రసాయనంలో కలిపి చూశారు. రంగు వెంటనే రాలేదు. కాసేపు ఆగి వచ్చింది. అంటే ఆ రసంలో ఏదో పదార్థం ఆక్సిజన్ చేసే పనిని ఎప్పటికప్పుడు వెనక్కి తిప్పుతోంది. అది అయిపోయే వరకు రంగు రాదు. సైన్సు పుస్తకంలో దీన్ని క్షయకరణం అంటారు. ఆక్సీకరణానికి ఇది ఎదురు పని. అలాంటి పనే చేసే పదార్థం పశువుల మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథుల్లోనూ ఆయనకు కనిపించింది. అడ్రినల్ గ్రంథి దెబ్బతిన్న రోగుల చర్మం గోధుమరంగుకు తిరుగుతుందని డాక్టరుగా ఆయనకు ముందే తెలుసు. కోసిన పండు, జబ్బుపడిన మనిషి చర్మం. ఈ రెండింటినీ కలిపి ఆలోచించడం ఆయన పద్ధతి.

ఇంతలో ఆయనకు అండగా ఉన్న ప్రొఫెసర్ హాంబర్గర్ 1924లో చనిపోయారు. తర్వాత వచ్చినవారికి ఈ పని మీద ఆసక్తి లేదు. ఉద్యోగం పోయింది. భార్యను, కూతురిని హంగరీలోని పుట్టింటికి పంపేశారు. ముప్పై రెండేళ్ల వయసు, చేతిలో డబ్బు లేదు, ముందు దారి లేదు. బతకడమే వద్దనుకునేంత నిరాశ కమ్మింది. చివరిసారిగా 1926లో స్టాక్‌హోంలో జరిగే అంతర్జాతీయ ఫిజియాలజీ మహాసభకు వెళ్లొద్దామనుకున్నారు.

ఒక పెద్దాయన నోట తన పేరు

ఆ సభలో మాట్లాడిన ఇంగ్లండు శాస్త్రవేత్త ఫ్రెడరిక్ గౌలండ్ హాప్కిన్స్ అప్పటికే విటమిన్ల పరిశోధనలో పెద్ద పేరు. ఆయన తన ప్రసంగంలో సెంట్-జ్యోర్జి పనిని పేరుపెట్టి ప్రస్తావించారు. సభలో ఎక్కడో కూర్చున్న మనిషికి అది నమ్మశక్యం కాలేదు. ప్రసంగం అయ్యాక ధైర్యం తెచ్చుకుని వెళ్లి పరిచయం చేసుకున్నారు. హాప్కిన్స్ వెంటనే కేంబ్రిడ్జికి రమ్మన్నారు. రాక్‌ఫెల్లర్ ఫెలోషిప్ కూడా ఏర్పాటైంది.

ఒక టీచరుగా ఈ జీవితంలో నాకు బాగా నచ్చిన చోటు ఇది. హాప్కిన్స్ చేసింది పెద్ద సాయమేమీ కాదు. ఒక కుర్రవాడు రాసిన పేపరును శ్రద్ధగా చదివారు, బాగుందని నలుగురిలో చెప్పారు. దాంతో ఒక ప్రాణం నిలబడింది.

కేంబ్రిడ్జిలో ఆ పదార్థాన్ని అడ్రినల్ గ్రంథుల నుంచి, నారింజ, క్యాబేజీల నుంచి స్ఫటికాలుగా విడదీశారు. 1927లో పీహెచ్‌డీ వచ్చింది. 1928లో పేపరు అచ్చయింది. పదార్థానికి పేరు పెట్టే దగ్గర ఒక సరదా జరిగింది. అది చక్కెరల జాతిదని తెలుసు, కచ్చితంగా ఏమిటో తెలియదు. చక్కెరల పేర్లు గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లలా ఓజ్ అని ముగుస్తాయి కదా. అందుకని తెలియదు అనే అర్థం వచ్చేట్టు ఇగ్నోజ్ అని రాసి పంపారు. పత్రిక సంపాదకుడు ఒప్పుకోలేదు. అయితే దేవుడికే తెలుసు అనే అర్థంతో గాడ్‌నోజ్ అన్నారు. సంపాదకుడికి అదీ నచ్చలేదు. చివరికి ఆరు కార్బన్లున్న చక్కెర ఆమ్లం కాబట్టి హెక్సురోనిక్ యాసిడ్ అని ఖాయం చేశారు.

తర్వాత అమెరికాలోని మేయో క్లినిక్‌కు వెళ్లారు. దగ్గర్లోని కబేళాల నుంచి అడ్రినల్ గ్రంథులు గుట్టలుగా తెప్పించి, నెలల తరబడి కష్టపడితే వచ్చింది సుమారు 25 గ్రాములు. కొంత భాగాన్ని బర్మింగ్‌హామ్‌లోని రసాయన శాస్త్రవేత్త నార్మన్ హావర్త్‌కు పంపారు. అణువు నిర్మాణం తేల్చడానికి అది చాలలేదు.

సెగెడ్ మిరపకాయలు

1930లో స్వదేశం పిలిచింది. హంగరీలోని సెగెడ్ యూనివర్సిటీలో మెడికల్ కెమిస్ట్రీ ప్రొఫెసర్ అయ్యారు. 1931లో అమెరికా నుంచి జోసెఫ్ స్విర్బెలీ అనే యువకుడు వచ్చి ఆయన దగ్గర చేరాడు. ఒక పదార్థంలో విటమిన్ సి ఉందో లేదో తేల్చడం తనకు వచ్చని చెప్పాడు. సెంట్-జ్యోర్జి తన దగ్గర మిగిలిన కాసిని స్ఫటికాల్ని అతని చేతిలో పెట్టారు.

స్కర్వీ సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది. చిగుళ్లు వాచి రక్తం కారతాయి, పాత గాయాలు తిరగబెడతాయి, చివరికి ప్రాణం పోతుంది. నెలల తరబడి సముద్రం మీద ఉండే నావికుల్ని ఈ జబ్బు పొట్టన పెట్టుకునేది. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ డాక్టరు పన్నెండు మంది రోగుల్ని జతలుగా విడదీసి రకరకాల మందులు ఇస్తే, నారింజ, నిమ్మపళ్లు తిన్న ఇద్దరే త్వరగా కోలుకున్నారు. ఆ పళ్లలో ఏముందో మాత్రం ఇంకో 180 ఏళ్ల పైన తెలియలేదు.

స్విర్బెలీ గినీ పందుల మీద ప్రయోగం చేశాడు. అన్నింటికీ విటమిన్ సి లేకుండా మరిగించిన ఆహారమే పెట్టి, కొన్నింటికి మాత్రం రోజుకు ఒక మిల్లీగ్రాము హెక్సురోనిక్ యాసిడ్ ఇచ్చాడు. అది అందని జంతువులు స్కర్వీతో చనిపోయాయి. అందినవి ఆరోగ్యంగా ఉన్నాయి. పళ్లు నల్లబడకుండా ఆపే పదార్థం, నావికుల ప్రాణం నిలబెట్టే విటమిన్ సి ఒకటేనని తేలింది. 1932 ఏప్రిల్‌లో ఈ ఫలితం అచ్చయింది. ఆ రోజుల్లోనే అమెరికాలో చార్లెస్ గ్లెన్ కింగ్ కూడా ఇదే ప్రకటించారు. ఎవరు ముందన్న తగాదా ఏళ్ల తరబడి నడిచింది.

కానీ స్ఫటికాలు అయిపోయాయి. మళ్లీ కబేళాలకు వెళ్లాలా? నారింజ, నిమ్మరసాల్లోని చక్కెరల నుంచి ఈ చక్కెర ఆమ్లాన్ని వేరు చేయడం చాలా కష్టం. ఒక రాత్రి భోజనంలో భార్య పచ్చి పాప్రికా వడ్డించింది. అది మన మిరపజాతి కాయే. సెగెడ్ ప్రాంతం దాని సాగుకు పెట్టింది పేరు. మన దగ్గర గుంటూరు ఎలాగో అక్కడ సెగెడ్ అలాగ. ఆయనకు ఆ పూట అది తినాలనిపించలేదు. తిననంటే భార్య నొచ్చుకుంటుంది. ఇన్ని కాయలు పరీక్షించాను గాని దీన్ని చూడలేదే అనుకుంటూ ల్యాబుకు పట్టుకెళ్లారు. అర్ధరాత్రి అయ్యేసరికి విటమిన్ సి గని దొరికిందని అర్థమైంది. కొద్ది వారాల్లో గ్రాముల బదులు కిలోకు పైగా శుద్ధమైన స్ఫటికాలు చేతికొచ్చాయి. వాటిని తన దగ్గరే దాచుకోకుండా అడిగిన శాస్త్రవేత్తలకు పంచారు.

1933లో హావర్త్ బృందం అణువు నిర్మాణం తేల్చింది. స్కర్వీని ఆపేది కాబట్టి ఆస్కార్బిక్ యాసిడ్ అన్న కొత్త పేరు పెట్టారు. 1937లో సెంట్-జ్యోర్జికి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. జీవకణంలో ఆహారం మండే పద్ధతిపై, ముఖ్యంగా విటమిన్ సి పైన, ఫ్యూమరిక్ యాసిడ్ పైన చేసిన పనికి అది గుర్తింపు. అదే ఏడాది రసాయన శాస్త్ర బహుమతిలో హావర్త్‌కు సగం దక్కింది.

మేకకు అక్కర్లేదు, మనకు కావాలి

ఇక్కడ మీకొక సందేహం రావాలి. మేక నిమ్మకాయ తినదు, కుక్కకు ఉసిరికాయ పెట్టం. వాటికి స్కర్వీ ఎందుకు రాదు? జవాబు కాలేయంలో ఉంది.

కాలేయం రక్తంలోని గ్లూకోజ్‌లో కొంత భాగాన్ని గ్లూకురోనిక్ యాసిడ్‌గా మారుస్తుంది. గ్లూకోజ్ అణువుకు ఒక చివర ఆమ్లపు గుంపు ఏర్పడితే అది గ్లూకురోనిక్ యాసిడ్. ఇదొక చక్కెర ఆమ్లం. దీనికి మొదటి పని శుభ్రం చేయడం. పాత ఎర్రరక్తకణాల నుంచి వచ్చే పసుపురంగు బిలిరుబిన్‌కు, మనం వేసుకునే పారాసెటమాల్ లాంటి మందులకు ఇది అతుక్కుని వాటిని నీటిలో కరిగేలా చేస్తుంది. అప్పుడు అవి శరీరం నుంచి బయటికి పోతాయి. పుట్టిన కొద్ది రోజులకు చాలామంది పసిపిల్లలకు కాస్త పచ్చకామెర్లు కనిపించడానికి ఒక ముఖ్య కారణం ఇక్కడే ఉంది. బిలిరుబిన్‌కు గ్లూకురోనిక్ యాసిడ్‌ను అతికించే కాలేయ ఎంజైము అప్పటికి పూర్తిగా పనిలోకి దిగదు. చాలామంది పిల్లల్లో కొద్ది రోజుల్లో దానంతటదే అందుకుంటుంది. అవసరమైతే డాక్టర్లు నీలికాంతి కింద ఉంచుతారు.

రెండో దారిలో గ్లూకురోనేట్ రిడక్టేజ్ అనే కాలేయ ఎంజైము పని చేస్తుంది. రిడక్టేజ్ అంటే క్షయకరణం చేసే ఎంజైము. ఎన్‌ఏడీపీహెచ్ అనే సహాయక అణువు నుంచి హైడ్రోజన్ తీసుకుని గ్లూకురోనిక్ యాసిడ్‌కు అందిస్తుంది. దాంతో అది గులోనిక్ యాసిడ్ అవుతుంది. ఇదీ చక్కెర ఆమ్లమే. మేక, ఎలుక, కుక్క, ఆవుల కాలేయంలో దీని తర్వాత ఇంకో రెండు మెట్లుంటాయి. ఆ చివరి మెట్టు దగ్గర గులోనోలాక్టోన్ ఆక్సిడేజ్ అనే ఎంజైము పని చేయగానే విటమిన్ సి తయారు. పెద్ద మేక రోజుకు గ్రాముల కొద్దీ సొంతంగా తయారు చేసుకుంటుంది.

మన కాలేయంలో గ్లూకోజ్ ఉంది, గ్లూకురోనిక్ యాసిడ్ ఉంది, రిడక్టేజ్ ఉంది, గులోనిక్ యాసిడ్ కూడా ఉంది. చివరి ఎంజైము ఒక్కటే లేదు. దాన్ని తయారు చేయాల్సిన జన్యువు కోట్ల ఏళ్ల కిందట మన పూర్వీకుల్లో చెడిపోయింది. విరిగిన ముక్కలుగా ఇప్పటికీ మన కణాల్లో ఉంది. కోతులకు, గినీ పందులకు ఇదే లోటు. స్విర్బెలీ ప్రయోగం గినీ పందుల మీద ఫలించడానికి కారణం ఇదే. ఎలుకల మీద చేసి ఉంటే ఏమీ తేలేది కాదు. ఎలుకకు స్కర్వీ రాదు కదా.

మరి మన కాలేయంలో గులోనిక్ యాసిడ్ ఏమవుతుంది? వృథా పోదు. అది క్సైలులోజ్ అనే అయిదు కార్బన్ల చక్కెరగా, తర్వాత మరో రిడక్టేజ్ సాయంతో క్సైలిటాల్‌గా మారి, చివరికి కణానికి పనికొచ్చే మామూలు చక్కెరల దారిలో కలుస్తుంది. షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్ పొట్లాల మీద కనిపించే క్సైలిటాల్ ఇదే. ఈ రెండో రిడక్టేజ్ పుట్టుకతో లేనివాళ్లు అరుదుగా ఉంటారు. వాళ్ల మూత్రంలో క్సైలులోజ్ పోతుంటుంది. పాతకాలపు పరీక్షల్లో దాన్ని చూసి మధుమేహమని పొరపడేవారు. నిజానికి దానివల్ల హాని లేదు.

చివరి మెట్టు మనకు లేదన్న సంగతి సెంట్-జ్యోర్జి నోబెల్ నాటికి తెలియదు. 1950లలో అమెరికాలో జె.జె. బర్న్స్ దీన్ని తేల్చారు. మన దేశంలో కలకత్తాలో బీరేశ్ చంద్ర గుహ, ఇందుభూషణ్ చటర్జీ తదితరులు ఏయే జంతువుల్లో ఈ తయారీ జరుగుతుందో, ఏయే జంతువుల్లో జరగదో ఓపిగ్గా పరీక్షించారు. పళ్లు తినే మన పిగిలిపిట్ట కూడా విటమిన్ సి తయారు చేసుకోలేదని అక్కడి పరిశోధనలోనే తేలింది. గుహ కేంబ్రిడ్జిలో హాప్కిన్స్ దగ్గర కొంతకాలం పని చేసి వచ్చినవారే.

మళ్లీ మొదటి నుంచి

నోబెల్ తర్వాత సెంట్-జ్యోర్జి కండరాల వైపు తిరిగారు. కండరం ముడుచుకోవడంలో ఆక్టిన్, మయోసిన్ అనే ప్రొటీన్ల పాత్రను, ఏటీపీ పాత్రను సెగెడ్ ల్యాబు బయటపెట్టింది. అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది, హంగరీ జర్మనీ పక్షాన ఉంది. 1943లో ఆయన ఉపన్యాసం పేరుతో ఇస్తాంబుల్ వెళ్లి, తమ దేశాన్ని యుద్ధం నుంచి బయటపడేసే మార్గం కోసం మిత్రరాజ్యాలతో రహస్యంగా మాట్లాడారు. సంగతి జర్మన్లకు తెలిసిపోయింది. యుద్ధం చివరి రోజులన్నీ గెస్టాపోకు దొరక్కుండా దాక్కుని గడిపారు.

యుద్ధం ముగిశాక దేశంలో వచ్చిన కొత్త పాలన కూడా ఊపిరి సలపనివ్వలేదు. 1947లో అమెరికా వెళ్లి, మసాచుసెట్స్‌లోని వుడ్స్ హోల్ అనే సముద్రతీరపు ఊళ్లో మళ్లీ మొదటి నుంచి ల్యాబు కట్టుకున్నారు. అప్పటికి యాభై దాటాయి. తర్వాతి సంవత్సరాల్లో భార్య మార్తా, ఆపైన కూతురు నెల్లి క్యాన్సర్‌తో పోయారు. మిగిలిన జీవితం క్యాన్సర్ పరిశోధనకే ఇచ్చారు. అందులో అనుకున్నంత ఫలితం రాలేదు. అయినా పని ఆపలేదు. 1986 అక్టోబరు 22న వుడ్స్ హోల్‌లోనే తొంభై మూడేళ్ల వయసులో కన్నుమూశారు.

మన ఇంటికి వస్తే

ముందు తిండి సంగతి. లోపల తయారు కానిది బయటి నుంచి రోజూ అందాలి. విటమిన్ సి నీటిలో కరిగేది, శరీరం ఎక్కువగా నిల్వ చేసుకోలేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవాళ్లలో మగవారికి రోజుకు 80, ఆడవారికి 65 మిల్లీగ్రాములు సిఫారసు చేస్తోంది. చిన్న పిల్లలకు అంతకంటే తక్కువ చాలు. ఒక మామూలు జామకాయతోనే అది దాటిపోతుంది. ఉసిరి, బత్తాయి, క్యాప్సికమ్, మునగాకు, పచ్చిమిర్చి అన్నీ మంచివే. వేడికి ఇది చాలావరకు పోతుంది. పప్పు పొయ్యి మీద నుంచి దించాక నిమ్మరసం పిండే మన పెద్దల అలవాటు అందుకే సరైనది. ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పట్టడానికి కూడా ఆ నిమ్మరసం సాయపడుతుంది. మన ఆడపిల్లల్లో రక్తహీనత ఎక్కువ కాబట్టి ఇది గుర్తుంచుకోదగ్గ మాట. లంచ్ బాక్సులో నిమ్మకాయ పులిహోర కన్నా కోసిన జామ ముక్కలు మేలు. చాక్లెట్లలా ఉండే విటమిన్ సి మాత్రలు మాత్రం డాక్టరు చెప్పకుండా రోజూ ఇవ్వకండి. ఎక్కువైతే విరేచనాలు పట్టుకుంటాయి. మిగులులో కొంత ఆక్సలేట్‌గా మారుతుంది. అది మూత్రపిండాల్లో రాళ్లు ఏర్పడటానికి దోహదం చేయవచ్చు.

రెండోది పిల్లల సంగతి. పేరెంట్-టీచర్ మీటింగులో ప్రోగ్రెస్ కార్డు చూస్తూ, పిల్లవాడు పక్కనే నిలబడి వింటుండగా, వీడికి బుర్ర లేదు మేడమ్ అనే మాట చాలాసార్లు వినిపిస్తుంది. అక్కకు ఇన్ని మార్కులు, బావగారి అబ్బాయికి ఐఐటీ సీటు అని పోలికలు మొదలవుతాయి. ప్రేమ లేక అనే మాటలు కావు. ఫీజులు కట్టడానికి మీరు పడే కష్టం మాకు తెలుసు. కానీ ఆ మాట వినే పిల్లలకు ఆ ప్రేమ కనిపించదు, మాట ఒక్కటే కనిపిస్తుంది. ఆల్బర్ట్ మేనమామ చదువు రానివాడు కాదు, దేశం మెచ్చిన ప్రొఫెసర్. ఆయన అంచనాయే తప్పింది. పదమూడేళ్ల పిల్లవాడి మీద తీర్పు చెప్పగల అనుభవం ఆయనకే లేనప్పుడు, ఒక యూనిట్ టెస్టు చూసి మాకెక్కడిది, మీకెక్కడిది?

అందరు పిల్లలూ నోబెల్ శాస్త్రవేత్తలు అవుతారని నేననడం లేదు. ప్రతి పిల్లవాడిలో చాలా మెట్లు ముందే కట్టి ఉంటాయి. ఎక్కడో ఒక మెట్టు లోపల ఉండదు. కొందరికి అది ఓపిగ్గా వివరించే మనిషి. కొందరికి కాస్త సమయం. కొందరికి, బాగా చేశావని నలుగురిలో అనే ఒక మాట. సెంట్-జ్యోర్జికి అది స్టాక్‌హోంలో, ముప్పై రెండేళ్ల వయసులో దొరికింది. మన పిల్లలు అంతకాలం ఎదురుచూడాల్సిన పని లేదు.

ఈసారి మీటింగుకు వచ్చినప్పుడు మార్కుల సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు మీ అమ్మాయో అబ్బాయో ఈ మధ్య ఇంట్లో అడిగిన ఒక ప్రశ్న మాకు చెప్పండి. అది ఏ సబ్జెక్టుదైనా సరే, సిలబస్‌లో లేనిదైనా సరే.